పెన్సిల్‌తో నడిచిన ప్రోగ్రాములు

*విశాఖకు డేటా సెంటర్ వస్తోందని ఊరంతా చెప్పుకుంటున్న వేళ, కంప్యూటర్ దొరకని రోజుల్లో కంప్యూటర్‌ను నేర్పిన పుస్తకాలు కిలోల లెక్కన పాత పేపర్ల కొట్లకు వెళ్లిపోతున్నాయి.*

ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేసే ఇంట్లో చివరికి మిగిలేవి పుస్తకాలే. మంచాలూ బీరువాలూ లారీ ఎక్కుతాయి. మొక్కల కుండీలు పక్కింటివాళ్లు పట్టుకెళ్తారు. అటక మీది అట్టపెట్టెలు మాత్రం కూర్మన్నపాలెంలో పాత పేపర్లు కొనే కొట్టుకు చేరతాయి. మొన్న అక్కడ కాటా పక్కన అలాంటి పెట్టె ఒకటి తెరిచి ఉంది. పైన బాలగురుసామి ‘ప్రోగ్రామింగ్ ఇన్ బేసిక్’. దాని కింద రాజారామన్ ఫోర్‌ట్రాన్ పుస్తకం, వెన్ను ఊడిపోయి. అడుగున ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలు నాలుగు, బూజుపట్టిన కాగితపు తొడుగుల్లో.

బేసిక్ పుస్తకం తెరిస్తే ప్రతి ప్రోగ్రాము పక్కనా అంచులో సన్నటి పెన్సిల్ గీతలతో రెండేసి గడులు. ఒక గడి నెత్తిన ఎన్, రెండో దాని నెత్తిన ఎస్. కింద వరసగా 1కి 1, 2కి 3, 3కి 6, 4కి 10, 5కి 15. ఒకటి నుంచి అంకెలను కూడుకుంటూ పోయే చిన్న ప్రోగ్రాము అది. కంప్యూటర్ చేయాల్సిన పనిని ఆ పుస్తకం సొంతదారు తానే ఒక్కో మెట్టూ చేసి చూసుకున్నాడు. ఒకచోట తప్పు వచ్చినట్టుంది, కాగితం చిరిగేంతగా చెరిపి మళ్లీ రాశాడు.

“ఏటి బాబూ, అంత పరీక్షగా సూత్తన్నారు? కంపూటరు పుస్తకాలు ఎవులూ కొనరు. పాతయి కదా, ఇప్పుడు పనికిరావంట” అన్నాడు కొట్టతను.

“పెట్టె మొత్తం తూచెయ్యి బాబూ” అన్నాను.

ఇదే ఊళ్లో ఇప్పుడు ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపించేది గూగుల్ మాట. 2025 అక్టోబరు 14న ఢిల్లీలో ఒప్పందం జరిగింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లు. అంతకు కొన్ని నెలల ముందే రుషికొండలో టీసీఎస్‌కు 99 పైసలకు భూమి ఇవ్వడం మీద రాష్ట్రమంతా చర్చ నడిచింది. తర్లువాడ వైపు భూముల ధరలు, ఉద్యోగాలు ఎన్ని, నీళ్లు ఎక్కడివి, కరెంటు ఎక్కడిది అన్న ప్రశ్నలన్నీ ముఖ్యమైనవే. కానీ ఈ ఊరికి కంప్యూటర్‌తో సంబంధం నిన్న మొన్న మొదలైంది కాదు. ఒక తరం ఇక్కడ యంత్రం కంటే ముందు పుస్తకాన్ని చూసింది, ఆ పుస్తకంతోనే నేర్చుకుంది. ఆ నేర్చుకోవడంలో ఉన్న గట్టిదనం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

అద్దాల గదికి ఇవతల

అప్పట్లో కంప్యూటర్ అంటే ఏసీ గది. గుమ్మం బయట చెప్పులు విడవాలి. లోపల అడుగుల చప్పుడు కూడా వినపడకూడదన్నట్టు నడవాలి. కాలేజీలో ఉన్న ఒకటి రెండు మెషీన్ల కోసం వంతులు. వారానికి దొరికేది గంటో రెండు గంటలో. ఆ గంటలో కరెంటు పోతే ఆ వారం అంతే.

ఈ కరువుకు కారణాలున్నాయి. వాటాల విషయంలో ప్రభుత్వంతో కుదరక ఐబీఎం 1978లో మన దేశం విడిచి వెళ్లింది. విదేశీ యంత్రం తెప్పించాలంటే లైసెన్సు కావాలి, దాని మీద భారీ సుంకం కట్టాలి. స్వదేశంలో తయారీకి నిలబడిన సంస్థల్లో ముందు వరసలో ఉన్నది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 1967లో మొదలైన ఆ సంస్థకు ప్రాణం పోసినవాడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 పేర్లతో ఈసీఐఎల్ చేసిన కంప్యూటర్లు పరిశోధన సంస్థలకు, ప్రభుత్వ రంగానికి వెళ్లాయి. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే వస్తువులు మాత్రం కావు అవి. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించాక తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి. అప్పుడు కూడా జీతం మీద బతికే కుటుంబానికి కంప్యూటర్ అందే సరుకు కాదు.

పుస్తకం అందింది. ప్రెంటిస్ హాల్ ఆఫ్ ఇండియా, టాటా మెక్‌గ్రాహిల్, బీపీబీ లాంటి ప్రచురణ సంస్థలు చవక కాగితం మీద చవక ధరకు వేశాయి. ఐఐటీ కాన్పూర్‌లో పాఠాలు చెబుతూ రాజారామన్ 1960ల చివర్లోనే మన విద్యార్థుల కోసం ప్రోగ్రామింగ్ పుస్తకం రాశాడు. బాలగురుసామి బేసిక్ భాష నేర్పాడు. షామ్ సిరీస్‌లో గాట్‌ఫ్రీడ్ రాసిన పుస్తకం లెక్కల గైడులా చేతులు మారింది. కెర్నిగన్, రిచీ 1978లో రాసిన సి భాషా గ్రంథం మన దగ్గరికి ఈస్టర్న్ ఎకానమీ ఎడిషన్‌గా వచ్చింది. వీటిని కొనలేని వాళ్లు గ్రంథాలయంలో కూర్చుని ప్రోగ్రాములను నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నారు.

ఆ విద్యార్థుల్లో నేనూ ఉన్నాను. మెషీన్ ముందు దొరికే గంటను తప్పులు వెతకడానికి ఖర్చు చేయలేం కాబట్టి ఇంటి దగ్గరే ప్రోగ్రామును మనసులో నడిపించి చూసుకునేవాళ్లం. దానికి డ్రై రన్ అని పేరు. ఒక్కో లైను చదవడం, ఏ పెట్టెలో ఏ విలువ ఉందో పక్కన రాయడం, షరతు నెగ్గితే ఎటు, ఓడితే ఎటు అని వేలితో వెతుక్కోవడం. అది అలవాటైనవాడికి కంప్యూటర్ ఏం చేస్తుందన్నది రహస్యంగా మిగలదు.

48కె అంటే ఎంత?

> 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ విడుదల చేసిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ పెద్ద మోడల్ మెమరీ 48 కిలోబైట్లు, అంటే 49,152 బైట్లు. అందులో 6,912 బైట్లు తెర మీది బొమ్మకే పోతాయి. ఇప్పటి పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ కథనమే ఆ కంప్యూటర్ మెమరీని ఇంచుమించుగా నింపేస్తుంది. ఆ జాగాలోనే అప్పటి వాళ్లు చదరంగం ఆడించారు.

టీవీకి తగిలించే పెట్టె

ఆ స్పెక్ట్రమ్ ఒకటి హైదరాబాద్‌లో ఒక అబ్బాయి చేతికి వచ్చింది. పదిహేనేళ్ల వయసులో తండ్రి కొనిపెట్టాడు. తండ్రి బి.ఎన్. యుగంధర్ ఐఏఎస్ అధికారి, అనంతపురం జిల్లా వాడు. ఆ అబ్బాయి సత్య నాదెళ్ల. 2014లో మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యాడు. సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించడం ఆ పెట్టెతోనే మొదలైందని 2017లో వచ్చిన తన పుస్తకం ‘హిట్ రిఫ్రెష్’లో రాసుకున్నాడు. అందరూ చెప్పే విజయగాథ కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేస్తాను. నాకు ఆసక్తి కలిగించేది ఆ పెట్టెతో పాటు వచ్చే పుస్తకం.

స్టీవెన్ విక్కర్స్ రాసిన ఆ మాన్యువల్ ప్లగ్గు ఎక్కడ పెట్టాలో చెప్పి ఊరుకోలేదు. పుస్తకం పూర్తయ్యేసరికి పాఠకుడు ప్రోగ్రామర్ కావాలన్నది దాని పట్టుదల. బేసిక్‌లో మొదలుపెట్టి, మెమరీలో ఏ గది ఏ పనికో చెప్పి, చివరికి మెషీన్ కోడ్ గుమ్మం దాకా తీసుకెళ్లింది. మరుసటి ఏడాది ఇయాన్ లోగన్, ఫ్రాంక్ ఓహారా ఇంకో అడుగు వేశారు. స్పెక్ట్రమ్ లోపల శాశ్వతంగా ముద్రించి ఉన్న 16 కిలోబైట్ల ప్రోగ్రామును మొత్తం విప్పి, ఏ సూచన ఎందుకో వివరిస్తూ పుస్తకంగా అచ్చేశారు. ఒక కంప్యూటర్ బుర్ర మొత్తం ఒక్క పుస్తకంలో పట్టింది. పట్టుదల ఉన్న ఇంటర్ కుర్రాడు సెలవుల్లో చదివి ముగించగలడు. ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్ విషయంలో ఆ మాట ప్రపంచంలో ఏ ఇంజినీరూ అనలేడు.

తెర కావాలంటే ఇంట్లో టీవీ. ప్రోగ్రాము దాచుకోవాలంటే పాటలు వినే టేప్ రికార్డర్. క్యాసెట్ తిరుగుతుంటే కీచుమనే శబ్దం, తెర అంచున రంగు చారలు. మెమరీ నిండాలంటే నాలుగైదు నిమిషాలు. మధ్యలో టేపు నలిగినా, శబ్దం ఎక్కువ తక్కువైనా మొదటికి వస్తుంది. మన దేశంలో పుణేలోని డెసిబెల్స్ సంస్థ స్పెక్ట్రమ్‌కు స్వదేశీ రూపం తయారు చేసి అమ్మింది. అయినా మధ్యతరగతి ఇళ్లకు అది దూరమే. విదేశాల నుంచి సెలవుకు వచ్చే బంధువు పెట్టెలో తప్ప హోమ్ కంప్యూటర్ మనకు పెద్దగా కనిపించలేదు.

స్కూళ్లకు మాత్రం ఒక మంచి రోజు వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం పెట్టి దేశంలో సుమారు 250 స్కూళ్లకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. బ్రిటన్‌లో బీబీసీ టీవీ పాఠాల కోసం ఎకార్న్ సంస్థ చేసిన యంత్రం అది. మెమరీ 32 కిలోబైట్లు. మెషీన్లు వచ్చాయి కానీ పాఠం చెప్పే మాస్టార్లకు తగినంత శిక్షణ లేదు. చాలాచోట్ల గుడ్డ కప్పి బీరువాలో దాచారు. పాడవుతుందన్న భయంతో పిల్లల్ని తాకనివ్వకపోవడం ఆనాటి పెద్ద నష్టం.

10, 20, 30

బేసిక్ పుట్టింది 1964 మే 1న, అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో. కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు, సైన్సు చదవని విద్యార్థి కూడా కంప్యూటర్ వాడగలగాలని దాన్ని తయారుచేశారు. మొదట్లో అందులో ఉన్న ఆజ్ఞలు పదిహేనుకు మించవు. ప్రింట్, లెట్, ఇఫ్, దెన్, గోటూ. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ చూసి బెదిరిపోయిన పిల్లలకు ఇది ఎంత ధైర్యమిచ్చిందో చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. వ్యాకరణం లేదు, ఉచ్చారణ లేదు, తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లు లేరు. డజను మాటలు వస్తే చాలు, ఎదుట ఉన్న యంత్రం మాట వింటుంది.

ప్రతి లైనుకూ ఒక అంకె ఉండేది. 1, 2, 3 అని కాకుండా 10, 20, 30 అని వేసేవాళ్లు, మధ్యలో ఏదైనా మరిచిపోతే 15 అని చొప్పించడానికి. మరిచిపోతావని ముందే ఒప్పుకుని చోటు వదిలిపెట్టే ఆ పద్ధతిని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. గోటూ వల్ల ప్రోగ్రాము చిక్కుపడిపోతుందని 1968లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా గట్టిగా హెచ్చరించాడు. పెద్ద ప్రోగ్రాముల విషయంలో ఆయన మాట నిజమైంది. మొదటి పాతిక లైన్లు రాసే పిల్లవాడికి మాత్రం గోటూ చేసిన మేలే ఎక్కువని నా నమ్మకం. తర్వాత ఎక్కడికి వెళ్లాలో అంకె వేసి చెబుతుంది కాబట్టి దారి కళ్లకు కనిపిస్తుంది.

ఆ కాలపు పుస్తకాల్లో ఎక్కువ మందిని ఆకట్టుకున్నవి ఆటలవి. డేవిడ్ ఆల్ కూర్చిన ‘బేసిక్ కంప్యూటర్ గేమ్స్’ 1973లో మొదట వచ్చింది. ఇళ్లలోకి మైక్రోకంప్యూటర్లు రావడం మొదలయ్యాక 1978లో తిరగరాసి వేస్తే పది లక్షల ప్రతులు దాటింది. కంప్యూటర్ పుస్తకాల్లో ఆ అంకె చేరిన మొదటిది అదే. ఆట కావాలంటే పుస్తకం ముందు పెట్టుకుని లైను తర్వాత లైను టైపు చేసుకోవాలి. సున్నాకు బదులు ‘ఓ’ అక్షరం కొట్టినా, ఒక కామా జారినా ఆట నడవదు. ఎక్కడ తప్పిందో వెతకడానికి ఆ రెండు పేజీలనూ అర్థం చేసుకోక తప్పదు. ఆడాలన్న ఆశ అలా చదువులోకి లాగేది. మా దగ్గర టైపు లోయర్, హయ్యర్ పాసైనవాళ్లు ఈ పనిలో రాజులు. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న వేళ్లు తడబడేవి కావు. తొంభైల్లో ఆ టైపు ఇన్‌స్టిట్యూట్లే ఒక్కొక్కటిగా బోర్డు మార్చి కంప్యూటర్ శిక్షణ కేంద్రాలయ్యాయి.

మాస్కో నుంచి వచ్చిన కాగితపు యంత్రం

విశాఖలో ఈ కథకు మరో పాయ ఉంది. అది ఇంగ్లండ్, అమెరికాల నుంచి వచ్చింది కాదు.

1966 నాటి ఉద్యమ త్యాగాల మీద వచ్చిన ఉక్కు కర్మాగారానికి 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసింది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక పని కదిలింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ గోదావరి 1990లో వెలిగింది. పీవీ నరసింహారావు 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశాడు. ఉక్కు మొత్తాన్నీ కంటిన్యువస్ కాస్టింగ్‌తో పోతపోసే ఏర్పాటు, కొలిమి దగ్గర నుంచి రోలింగ్ మిల్లు దాకా కంప్యూటర్ల మీద నడిచే నియంత్రణ ఆనాటికి దేశంలో కొత్త. బేసిక్ పుస్తకాలతో చదువుకున్న కుర్రాళ్లు ఎందరో ఇలాంటి కర్మాగారాల కంట్రోల్ రూముల్లో కూర్చున్నారు.

సోవియట్ ఇంజినీర్లు ఈ గడ్డ మీద తిరుగుతున్న ఆ రోజుల్లోనే, విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో, ఊరూరా తిరిగే వాళ్ల వ్యాన్లలో మాస్కోలో అచ్చయిన మీర్ ప్రచురణలు కారుచవకగా దొరికేవి. వాటిలో చిన్న గణిత గ్రంథమాల ఒకటి. ఆ వరసలో 1983లో ఉస్పెన్‌స్కీ రాసిన ‘పోస్ట్స్ మెషీన్’ ఇంగ్లిష్‌లో వచ్చింది. పలచటి పుస్తకం. ప్రోగ్రామింగ్ గురించి నేను చదివినవాటిలో దానికి మించినది లేదు.

అందులోని యంత్రం ఎక్కడా లేదు. ఎమిల్ పోస్ట్ అనే గణితవేత్త 1936లో ఊహించినది. అంతులేని ఒక పట్టీ, దాని మీద వరసగా గడులు. ఒక్కో గడిలో గుర్తు ఉంటుంది, లేదా ఖాళీ. యంత్రానికి తెలిసినవి ఆరే ఆరు పనులు. కుడికి ఒక గడి జరగడం, ఎడమకు జరగడం, గుర్తు పెట్టడం, చెరపడం, గుర్తు ఉందో లేదో చూసి దారి మార్చుకోవడం, ఆగిపోవడం. స్కూలు పిల్లలు కంప్యూటర్ లేకుండా కాగితమూ పెన్సిలూ పెట్టుకుని ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికే ఉస్పెన్‌స్కీ దీన్ని ఎంచుకున్నాడు. ఒక సంఖ్యకు ఒకటి కలపడం అనే పని మీద ఒక అధ్యాయమంతా వెచ్చించాడు. గుర్తులు మన ముందే ఉంటే ఎలా? ఎడమవైపు ఎక్కడో ఉంటే ఎలా? ఏ వైపు ఉన్నాయో తెలియకపోతే? ప్రశ్న కొంచెం మారగానే ప్రోగ్రాము ఎంత కష్టమవుతుందో చదివేవాడి చేతికే తెలిసొస్తుంది. సమస్యను సరిగ్గా చెప్పుకోవడమే సగం పరిష్కారమని నాకు నేర్పింది ఆ అధ్యాయం. తర్వాత నేను చూసిన ఏ ఖరీదైన కోర్సూ దాన్ని అంత బాగా చెప్పలేదు.

ఎందుకు మాయమవుతున్నాయి?

సాహిత్యానికి పాతబడటం గౌరవం. కంప్యూటర్ పుస్తకానికి అదే శాపం. సిలబస్ మారిన మరుసటి ఏడాది దాన్ని లైబ్రరీ పట్టిక నుంచి తీసేస్తారు. 1990ల చివర్లో విండోస్ వ్యాపించి, సి, జావా కోర్సుల గిరాకీ పెరిగాక బేసిక్ పుస్తకాలను పాత పేపర్లతో కలిపి అమ్మేశారు. మన సముద్రపు గాలికి చవక కాగితం తేమ పీల్చి గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆపైన చెదలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కిటికీలు విరగ్గొట్టి ఇళ్లలోకి దూరినప్పుడు తడిసిన పుస్తకాలను ఆరబెట్టే ఓపిక ఎవరికుంది?

కాగితం పోతే ఆ ప్రోగ్రాములూ పోతాయి. ఫ్లాపీ, క్యాసెట్ల మీది అయస్కాంతపు పూత నలభై ఏళ్ల తేమకు ఊడిపోతుంది, బూజు పడుతుంది. అచ్చులో ఉన్న ప్రోగ్రామును మాత్రం ఇవాళ కూర్చుని టైపు చేసినా అది నడుస్తుంది. పాత యంత్రాలను అనుకరించే ఎమ్యులేటర్లు బ్రౌజర్‌లోనే దొరుకుతున్నాయి. మైక్రోసాఫ్ట్ 2020లో జీడబ్ల్యూ-బేసిక్ మూలాన్ని, 2025 సెప్టెంబరులో 6502 చిప్ కోసం రాసిన తన తొలినాళ్ల బేసిక్‌ను అందరికీ ఇచ్చేసింది. ఎనభైల్లో పిల్లల కోసం అందమైన బొమ్మలతో వేసిన కంప్యూటర్ పుస్తకాలను బ్రిటన్‌లోని అస్‌బోర్న్ సంస్థ 2016 నుంచి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తోంది.

మన ప్రచురణకర్తలు ఆ పని చేయలేదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. కాబట్టి 1980ల పుస్తకాన్ని అనుమతి లేకుండా స్కాన్ చేసి పంచకూడదు. అప్పటిదాకా ఆగితే స్కాన్ చేయడానికి కాగితం మిగలదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో మొదలైన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు 2007 నాటికే ఆ లక్ష్యాన్ని దాటింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద పాలు పంచుకుంది, తెలుగు పుస్తకాలు ఎన్నో బతికాయి. సాహిత్యానికి చేసిన ఆ సేవ సాంకేతిక గ్రంథాలకూ జరగాలి. అమ్మకంలో లేని పుస్తకాన్ని ఉచితంగా వదిలేయమని ప్రచురణకర్తలను అడగడం మన విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని.

మీ అటక మీద ఉంటే

> తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకండి, నీడన ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఊడిన పేజీలకు సెల్లో టేపు వేయకండి, జిగురు కాగితాన్ని తినేస్తుంది. అంచుల్లో పెన్సిల్ రాతలుంటే చెరపకండి, ముందు ఆ పేజీల ఫొటోలు తీయండి. బూజున్న ఫ్లాపీని డ్రైవులో పెడితే డ్రైవు కూడా పాడవుతుంది. పుస్తకం ఎవరిది, ఏ కాలేజీలో, ఏ ఏడాది చదివారో ఒక చీటీ మీద రాసి లోపల ఉంచండి.

విశాఖకు విశ్రాంతి తీసుకున్న యంత్రాలను నిలబెట్టుకోవడం కొత్త కాదు. 1969లో నౌకాదళంలో చేరిన కుర్సురా జలాంతర్గామిని సేవ ముగిశాక ఒడ్డుకు లాగి, 2002లో మ్యూజియం చేశాం. దాని ఎదురుగా టీయూ-142 విమానాన్ని పెట్టాం. పిల్లలు లోపలికి దూరి మీటలు చూసి బయటికొస్తున్నారు. అదే బీచ్ రోడ్డుకు కూతవేటు దూరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది. అక్కడ ఒక గది, నాలుగు అలమరాలు, ఎమ్యులేటర్ నడిచే రెండు మామూలు కంప్యూటర్లు చాలు. ఊరి ఇంజినీరింగ్ కాలేజీలు తీసేసే పుస్తకాలు ముందు ఆ గదికి వెళ్లాలి, అక్కడ అక్కర్లేదంటేనే కాటాకు. కోట్ల డాలర్ల పెట్టుబడితో ఊరికి వస్తున్న సంస్థలను సామాజిక బాధ్యత కింద ఈ ఒక్క గది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

నేను ఇంకొకటి కూడా అడుగుతాను. మన కాలేజీల్లో సి ప్రోగ్రామును ఇప్పటికీ పరీక్షలో కాగితం మీదే రాయిస్తున్నారు. రాసేది కాగితం మీద, నేర్చుకునేది బట్టీ పట్టి. ఇప్పుడైతే అడిగిన ప్రోగ్రామును కృత్రిమ మేధ క్షణంలో రాసి ఇస్తోంది. అది ఇచ్చిన నలభై లైన్లలో తప్పు ఎక్కడుందో పట్టాల్సింది విద్యార్థే. మొదటి సంవత్సరంలో మొదటి రెండు వారాలు ల్యాబ్ తలుపు తెరవకుండా ఉస్పెన్‌స్కీ రెండో అధ్యాయం చేయించండి. పట్టీ గీసుకుని ఒకటి కలపనివ్వండి. గుర్తులు ఏ వైపు ఉన్నాయో తెలియని లెక్క దగ్గరకు వచ్చేసరికి తరగతిలో వాదన మొదలవుతుంది. మాస్టారు అప్పుడు జవాబు చెప్పేయకుండా ఆగాలి.